పౌరహక్కు – పంక్తిభేదం

సందేహం: మా ఆరేళ్ళ పాపకు పౌరహక్కుల గురించి చెబుతూ "అందరికీ సమానంగా ఇవ్వడం" అన్నాను. "మరి తమ్ముడికి నాకంటే తక్కువ అన్నం పెడతావేం?" అని అడిగింది. సమానం, న్యాయం ఒకటి కాదా? పిల్లలకు అర్థమయ్యే తెలుగు మాట ఏదైనా ఉందా? పౌరహక్కు అనేది తప్పు సమాసమని మా నాన్నగారు అంటారు, నిజమేనా?

సమాధానం: పాప మంచి ప్రశ్న అడిగింది. సమానం కొలతకు సంబంధించిన మాట. ఆరేళ్ళ పిల్లకూ రెండేళ్ళ పిల్లవాడికీ ఒకే కొలతన అన్నం పెడితే సమానం అవుతుంది గానీ న్యాయం కాదు. "ఎవరి ఆకలికి తగినంత వాళ్ళకు పెట్టాను" అని చెప్పండి, సరిపోతుంది.

మీరు అడిగిన తెలుగు మాట పంక్తిభేదం. (చాలామంది 'బేధం' అని రాస్తున్నారు, భేదమే సరైనది.) ఒకే వరసలో కూర్చున్నవాళ్ళలో ఒకరికి నెయ్యి ధారగా పోసి, పక్కవాళ్ళకు చుక్క విదిలిస్తే అది పంక్తిభేదం. మనిషిని బట్టి వడ్డించే చెయ్యి మారడమే ఇక్కడ తప్పు. పక్షపాతానికి వలపక్షం అనే చక్కని మాట కూడా ఉంది గానీ, ఇప్పటి పిల్లలకు దాన్ని మళ్ళీ వివరించాలి. పంక్తిభేదం అన్నం దగ్గర జరిగేది కాబట్టి ఏ పిల్లకైనా ఇట్టే తెలుస్తుంది.

అయితే ఈ మాట వెనక ఉన్న ఇంకో సంగతి పాప దగ్గర దాచకండి. పంక్తిలో భేదం చూపడం తప్పని చెప్పిన సమాజమే, కొన్ని కులాలవాళ్ళను అసలు పంక్తిలోకే రానివ్వలేదు. అందుకే సంస్కర్తలకు సహపంక్తి భోజనం అనే మాట అవసరమైంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా వంటివారు అలాంటి భోజనాలు పట్టుదలగా జరిపారు.

మన చట్టంలో పౌరహక్కు అనే మాటకున్న అర్థం సరిగ్గా ఇక్కడిదే. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టానికే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేయడం వల్ల మనిషికి దక్కిన ఏ హక్కైనా పౌరహక్కే అని అందులో నిర్వచనం. బావి, కుళాయి, గుడి, హోటల్, ఆ హోటల్లో అందరి కోసం ఉంచిన పాత్రలు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి అందుకే నేరం.

మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు విడిగా గ్లాసు ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే మీరు చెప్పే పాఠం పాప నమ్మదు. ఆవిడను ఎలా పిలుస్తున్నారన్నదీ అంతే ముఖ్యం. పెద్ద వయసు మనిషిని పట్టుకుని "అది ఇంకా రాలేదా?" అని ఇంట్లో ఎవరైనా అంటే పాప అదే నేర్చుకుంటుంది. "ఆవిడ ఇంకా రాలేదా?" అనడం మీ నోటి నుంచే మొదలవ్వాలి.

హక్కు అనే మాటను ఇంట్లో తేలిగ్గా వాడకండి. "ఇవాళ అరగంట టీవీ చూసే హక్కు ఇచ్చాను" అంటే తప్పు, అది అనుమతి. అమ్మ ఇష్టపడితే ఇచ్చి, కోపమొస్తే తీసేసుకునేది హక్కు కాదు. బడికి వెళ్ళడం మాత్రం హక్కు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందాలని రాజ్యాంగం 21ఎ అధికరణం చెబుతోంది. మీ పాపకు ఇప్పుడు సరిగ్గా ఆ వయసే. ఆ హక్కు తనకు ఎంత ఉందో, మీ ఇంట్లో పనిచేసే ఆవిడ మనవరాలికీ అంతే ఉందని చెప్పండి.

ఇక సమాసం సంగతి. పౌర సంస్కృతం, హక్కు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. ఇలాంటి కలయికలను పాత వ్యాకర్తలు ఒప్పుకోరు, కాబట్టి మీ నాన్నగారి అభ్యంతరానికి ఆధారం ఉంది. కానీ మానవహక్కు, పౌరహక్కు వాడుకలో ఎప్పుడో స్థిరపడ్డాయి. నిస్సంకోచంగా కలిపే రాయండి.