నైట్ డ్యూటీల మీద పుస్తకం రాస్తున్న చెల్లికి

చెల్లీ,

పుస్తకం వేయమని పబ్లిషర్లకి పంపడానికి నువ్వు రాసిన ప్రపోజల్ మొత్తం చదివాను. శాంపుల్ చాప్టర్ చాలా బావుంది, తెల్లవారుజామున మూడింటికి కళ్లు మూతలు పడిపోతుంటే ఇంజెక్షన్ డోసు పైకి చదువుకుంటూ మళ్లీ చెక్ చేసుకునే ఆ నర్సు నన్ను వదల్లేదు. కానీ ఎడిటర్ అక్కడిదాకా వస్తారా అన్నదే నా బెంగ, ఎందుకంటే ముందున్న పేజీలన్నీ టాపిక్ గురించే ఉన్నాయి, నీ పుస్తకం గురించి లేవు.

మొదటి లైనే చూడు, "ఈ పుస్తకం నైట్ షిఫ్టులు, నిద్ర, ఆరోగ్యం గురించి" అని రాశావ్. ఆ టాపిక్ మీద ఎవరైనా రాయొచ్చు. మొన్న ఫోన్లో నువ్వే అన్నావు కదా, నైట్ చేసేవాళ్లకి బాగా నిద్రపోండి అని అందరూ సలహాలిస్తారు, ఆ డ్యూటీ చార్ట్ వేసేవాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అడగరు అని. అదీ నీ పుస్తకం! ఆ మాట మొదటి పేరాలోనే పడాలి, అంతే సూటిగా, అంతే కోపంగా.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఎడిటర్‌కి నచ్చినంత మాత్రాన పుస్తకం ఓకే అయిపోదు. చాలా పబ్లిషింగ్ సంస్థల్లో ఆ ఎడిటర్ నీ ప్రపోజల్ పట్టుకుని మీటింగ్‌కి వెళ్లాలి, అక్కడ సేల్స్ వాళ్లు, మార్కెటింగ్ వాళ్లు కూర్చుంటారు, ఎన్ని కాపీలు పోతాయి, ఖర్చెంత, ఎవరు కొంటారు అని లెక్కలు వేస్తారు. ఆ గదిలో నువ్వుండవు. నీ తరఫున ఎడిటర్ మాట్లాడాల్సిన మాటలన్నీ నువ్వే ముందుగా రాసివ్వాలి, ప్రపోజల్ అంటే అదే.

అన్నిటికన్నా ఎక్కువ పని చాప్టర్ అవుట్‌లైన్‌లో ఉంది. ఐదో చాప్టర్ కింద "షిఫ్ట్ వర్క్‌కీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని చర్చిస్తాను" అని వదిలేశావు. చర్చించి ఏం తేలుస్తావో చెప్పాలి కదా. నీ నోట్స్‌లో ఉన్నదే తీసుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం బాడీ క్లాక్‌ని దెబ్బతీసే షిఫ్ట్ వర్క్‌ని 2007లో "బహుశా క్యాన్సర్ కారకం" అనే కేటగిరీలో పెట్టింది, 2019లో మళ్లీ పరిశీలించి నైట్ షిఫ్ట్ పనిని అందులోనే ఉంచింది. అయితే ఆ కేటగిరీ సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో చెప్తుంది గానీ ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు, ఈ తేడా తెలియక హడలిపోయేవాళ్లు కొందరు, అసలు పట్టించుకోనివాళ్లు కొందరు. అక్కణ్ణుంచి, ఇంత తెలిశాక చార్ట్ వేసేవాళ్లు ఏం మార్చాలి అనే ప్రశ్నకి వచ్చి చాప్టర్ ఆపుతానని రాయి. అప్పుడు ఆరో చాప్టర్ ఎందుకుందో ఎవరూ అడగక్కర్లేదు. ప్రతి చాప్టర్‌కీ ఇలా ఒకటి రెండు పేరాలు, ఎవరు కనిపిస్తారు, ఏం తెలుస్తుంది, తర్వాతి దానికి దారి ఎక్కడుంది అన్నట్టు.

"ఇలాంటి పుస్తకం ఇంతవరకు రాలేదు" అన్న లైన్ తీసెయ్ ప్లీజ్. ఏదీ రాలేదంటే కొనేవాళ్లే లేరేమో అని సేల్స్ వాళ్లకి అనుమానం వస్తుంది. గత నాలుగైదేళ్లలో వచ్చినవి ఓ ఐదు పుస్తకాలు తీసుకుని, ఆ పాఠకులే నీ దగ్గరికి ఎందుకొస్తారో, నీది ఎక్కడ వేరో ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల్లో చెప్పు, వాటిని తిట్టకుండా, అందులో ఒకటి ఆ పబ్లిషర్ వేసిందే అయ్యుండొచ్చు. "అందరూ చదవొచ్చు" కూడా అంతే, నర్సులు, వాళ్ల ఇంట్లోవాళ్లు, హాస్పిటల్ మేనేజర్లు అని వరసగా రాయి.

ఫాలోయర్లు లేరని దిగులు పడ్డావు. నువ్వు అన్నేళ్లు వార్డులో పనిచేశావు, కొత్త నర్సులకి క్లాసులు చెప్తున్నావు, ఈ సబ్జెక్ట్‌కి అంతకన్నా అర్హత ఏం కావాలి? ప్రయత్నిస్తాను, చేద్దామనుకుంటున్నాను అనేవి కొట్టేసి ఇప్పటికే చేస్తున్నవి రాయి చాలు.

మిగతావి చిన్నవే. నవలకైతే మొత్తం రాసి పంపాలి, నాన్ ఫిక్షన్‌కి సాధారణంగా ప్రపోజల్, ఒకటి రెండు చాప్టర్లు చాలు, కానీ ఆత్మకథలాంటిదైతే చాలామంది పూర్తి రాతప్రతే అడుగుతారు, కాబట్టి నీ కథ ఇందులో ఎంతవరకో స్పష్టంగా చెప్పు. ఎన్ని పదాలు, ఎప్పటికి ఇస్తావు అన్నది నువ్వు నిజంగా చేయగలిగినట్టే వెయ్యి, ఆ తేదీయే కాంట్రాక్ట్‌లోకి ఎక్కుతుంది. రచయిత తరఫున పబ్లిషర్లతో మాట్లాడిపెట్టే ఏజెంట్లుంటారు, వాళ్లలో చదవడానికి ఫీజు అడిగేవాళ్ల జోలికి అస్సలు పోకు, సరైన ఏజెంట్ నీకొచ్చే డబ్బులోంచే కమీషన్ తీసుకుంటారు.

ముందు అవుట్‌లైన్ తిరగరాసి నాకు పంపు, పుస్తకం దేని గురించో చెప్పే మొదటి పేజీలు, అదే ఓవర్‌వ్యూ, ఆ తర్వాత చూద్దాం. శాంపుల్ చాప్టర్‌లో ఆ పేషెంట్ వయసు, జబ్బు, బెడ్ నంబర్ ఉన్నవి ఉన్నట్టే పెట్టావు, ఎవరో గుర్తుపట్టకుండా అవి మార్చెయ్, మార్చినట్టు ప్రపోజల్‌లో కూడా ఒక లైన్ రాయి. అది అయ్యేదాకా ఏ ఎడిటర్‌కీ పంపొద్దు.

నీ అక్క