నాలుగో పెట్టె కొనకముందు

బిడ్డా,

ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని కాగితం మీద పెడుతున్నాను. మన మట్టెవాడ ఇంట్లో మూడు మెష్ పెట్టెలు, అంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే పెట్టెలు, పెట్టించావు. ఒకచోట కూర్చుంటే వైఫై బాగానే వస్తోంది. ఫోన్ చేతిలో పట్టుకుని సాయమానులోంచి వంటింట్లోకి పోతే ఆఫీసు కాల్ బిగుసుకుపోతోంది, మేడ ఎక్కితే తెగిపోతోంది. దుకాణంవాడు నాలుగో పెట్టె కొనమన్నాడని చెప్పావు. ఇప్పుడే కొనకు. పెట్టెలు తక్కువై కాల్ తెగే ఇళ్లకంటే, ఉన్న పెట్టెలు పెట్టకూడని జాగాలో పెట్టి తెగే ఇళ్లే నేను ఎక్కువ చూశాను.

ముందు తెగుతున్నది ఏదో తేల్చుకో. మూడు అతుకులున్నాయి: వీధిలోంచి ఇంట్లోకి వచ్చే ఫైబర్, పెట్టెకూ పెట్టెకూ మధ్య లంకె, పెట్టెకూ నీ ఫోనుకూ మధ్య లంకె. ఏది తెగినా తెర మీద కనబడేది ఒకటే, గుండ్రంగా తిరిగే గుర్తు. అది చూసి ఏమీ చెప్పలేం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మాకు నేర్పిన మొదటి పని కూడా ఇదే, లోపం ఇంటి లోపలుందా, బయట స్తంభం దగ్గరుందా అని విడగొట్టడం.

ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ, రెండుసార్లు తెరువు. ఒకదాంట్లో మొదటి మెష్ పెట్టె అడ్రసుకు పింగ్ పెట్టు; పింగ్ అంటే ‘ఉన్నావా’ అని అడిగి జవాబు వస్తోందో లేదో చూడటం. ఆ అడ్రసు మెష్ యాప్‌లో దొరుకుతుంది, సాధారణంగా 192.168తో మొదలవుతుంది. రెండోదాంట్లో 8.8.8.8కు పెట్టు, అది బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ అడ్రసు. విండోస్‌లో పింగ్ నాలుగుసార్లకే ఆగుతుంది కాబట్టి చివర మైనస్ టి (-t) చేర్చు, ఆగకుండా నడుస్తుంది. ఇక ల్యాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా మెల్లగా తిరుగు. రెండూ ఒకేసారి ఆగితే లోపం ఇంట్లోనే ఉంది. మొదటిది నడుస్తూ రెండోది మాత్రమే ఆగితే మెష్‌ను తిట్టకు, ఫైబర్‌వాళ్లకు ఫోన్ చెయ్యి. వాళ్ల పెట్టె మీద ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా ఉందంటే ఫైబర్లో వెలుతురే రావడం లేదన్నమాట, దానికి నువ్వు చేసేదేమీ లేదు.

నీ ఇంట్లో లోపం లోపలే ఉందని నా అంచనా. ఎందుకో చెబుతాను. నువ్వు నడుస్తుంటే పెట్టెలే నిన్ను ఒకదాని నుంచి ఇంకోదానికి అందిస్తాయని అనుకుంటున్నావు. సెల్ టవర్ల దగ్గర అలాగే జరుగుతుంది. కాల్ నడుస్తున్నప్పుడు నెట్‌వర్క్ చెబుతుంది, ఫోన్ మారుతుంది. వైఫైలో ఆఖరి మాట ఫోనుదే. మెష్ సలహా ఇవ్వగలదు, అంతే. ఫోనేమో మొదటిరోజు బడికి పోయే పిల్లగాడు అమ్మ కొంగు వదలనట్టు పాత పెట్టెనే పట్టుకుని ఉంటుంది. ఐఫోన్ లెక్క యాపిల్ వాళ్లే బయటపెట్టారు. సిగ్నల్ మైనస్ 70 డీబీఎంకు (డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత) దిగజారేదాకా అది వేరే పెట్టెను వెతకదు. వెతికినా, డేటా నడుస్తున్నప్పుడు కొత్తది పాతదానికంటే కనీసం 8 డెసిబెల్స్ బలంగా ఉంటేనే మారుతుంది. ఈ అంకెలు మైనస్‌లో ఉంటాయి కాబట్టి చిన్న అంకె మంచిది: పెట్టె పక్కనే ఉంటే 40 చిల్లర చూపిస్తుంది, వీడియో కాల్ నిలకడగా నడవాలంటే 67 దాకా పరవాలేదు, 80 దగ్గర మాట ముక్కలవుతుంది.

ఇప్పుడు మన గోడలు గుర్తు తెచ్చుకో. ముందు భాగం మీ ముత్తాత కట్టించింది, రాయీ డంగు సున్నమూ, రెండడుగుల మందం. వెనకది మీ తాత వేయించిన స్లాబు. హన్మకొండలో ఏ కొత్త అపార్టుమెంట్లోనో నడిస్తే సిగ్నల్ అడుగడుక్కీ కొంచెం కొంచెం తగ్గుతుంది, ఫోనుకు వెతుక్కునే టైము దొరుకుతుంది. మన ఇంట్లో దర్వాజ దాకా 60 లోపే ఉన్నది, గోడ మలుపు తిరిగిన రెండడుగులకే 80కి పడిపోతుంది. ఫోన్ తేరుకుని పక్క పెట్టెను వెతికేలోపు కాల్ పోతుంది. వైఫై నడిచే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ కంటే 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ, గోడ దాటడంలో అదే ముందు చేతులెత్తేస్తుంది. డబ్బా మీద ఇన్ని చదరపు అడుగులకు సరిపోతుందని రాస్తారే, ఆ లెక్క ఇలాంటి గోడలు చూసి రాసింది కాదు.

అందుకని పెట్టెను అర్ర మధ్యలో కాదు, దర్వాజకు ఎదురుగా పెట్టు. నువ్వు గడప మీద నిలబడితే అవతలి పెట్టె, ఇవతలి పెట్టె రెంటికీ మధ్య గోడ అడ్డం రాకూడదు. పాతది ఇంకా బాగుండగానే కొత్తది గట్టిగా వినబడాలి, కిటుకంతా అక్కడే ఉంది. రెండో పెట్టె వంటింట్లో ఫ్రిజ్ వెనకాల ఉందన్నావు. అక్కడ దానికే మొదటి పెట్టె సరిగా అందదు, ఇక నీకేం అందిస్తుంది? దాన్ని నడవలోకి తెచ్చి దేవుడి అర్ర పక్క గూట్లో పెట్టు, అక్కణ్నుంచి సాయమాను దర్వాజ నేరుగా కనిపిస్తుంది. బీరువాకూ, నిలువుటద్దానికీ దూరంగా ఉంచు. మేడ మీది పెట్టెను నీ పడకగదిలోంచి తీసి మెట్ల పైన పెట్టు; స్లాబు చువ్వల్లోంచి దూరడం కంటే మెట్ల సందులోంచి రావడమే సిగ్నల్‌కు సులువు. సిగ్నల్ రాని అర్రలోనే పెట్టె పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడ పెట్టెకూ సిగ్నల్ రాదు కదా! బాగా వస్తున్న ఆఖరి జాగాలో పెట్టాలి.

ఇంకో అనుమానం. తెగిన కాల్ మళ్లీ కలిపితే వెంటనే బాగుంటుందన్నావు. ఫైబర్‌వాళ్లు ఇచ్చిన పెట్టెకు కూడా సొంత వైఫై ఉంటుంది. దానికీ మెష్‌కూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, సాయమానులోకి రాగానే ఫోన్ దాని మీదికి దూకుతుంది. అది వేరే అడ్రసు ఇస్తుంది. అడ్రసు మారితే నడుస్తున్న కాల్ బతకడం కష్టం. ఫైబర్ పెట్టె సెట్టింగుల్లోకి పోయి దాని వైఫైని రెండు బ్యాండ్లలోనూ ఆపెయ్. అది ఫైబర్ తేవడం వరకే పని చేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి మొట్టమొదట ఇదే చెయ్యి.

ఫోన్ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మారడాన్ని రోమింగ్ అంటారు. మెష్ యాప్‌లో ఫాస్ట్ రోమింగ్ అని ఉంటే ఆన్ చెయ్యి. 802.11 అనే వైఫై ప్రమాణంలో కె, వి, ఆర్ అనే మూడు ఏర్పాట్లున్నాయి. చుట్టుపక్కల ఏ పెట్టెలున్నాయో ఫోనుకు చెప్పేది కె, మారితే మంచిదని సలహా ఇచ్చేది వి, మారేటప్పుడు తాళం విప్పే తతంగం తగ్గించేది ఆర్. మీ బాపు పాత ప్రింటర్ ఆర్‌తో పేచీ పెట్టొచ్చు. పెడితే దానికి గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వకుండా, 2.4లో వేరే పేరుతో ఒకటి తెరువు. గెస్ట్‌లో పెడితే మిగతావాటికి అది కనబడదు, ప్రింట్ రావడం లేదని మళ్లీ నాకే ఫోన్ చేస్తాడు. నీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ వైఫై కార్డు ఉంటే డివైస్ మేనేజర్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అనే సెట్టింగు ఉంటుంది, దాన్ని మధ్యలోంచి ఒక మెట్టు పైకి జరుపు. పూర్తిగా పైకి నెట్టకు, ఊరికే అటూ ఇటూ దూకుతుంది.

ఇవన్నీ చేశాక డబ్బు పెట్టాలనిపిస్తే కేబుల్‌కు పెట్టు. రెండు బ్యాండ్ల పెట్టెలు నీతో మాట్లాడే రేడియోతోనే వెనక పెట్టెతోనూ మాట్లాడాలి, పెట్టె నుంచి పెట్టెకు ఒక్కో గెంతుకు వేగం దాదాపు సగమవుతుంది. మధ్యలో తీగ ఉంటే ఆ గొడవే లేదు. క్యాట్ 6 అనే రకం నెట్‌వర్క్ కేబుల్ తీసుకో, 100 మీటర్ల దాకా నడుస్తుంది, మన ఇంటికి అందులో సగం కూడా అక్కర్లేదు. అసలు రాగిదే అడుగు. రాగిపూత అల్యూమినియం అంటగడతారు, పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది, వంచితే విరుగుతుంది. రాతి గోడకు బెజ్జం కొట్టనివ్వకు, వెంటిలేటర్లోంచి తీయించు. మేడ మీదికి బయటినుంచి పోయే ముక్కను తప్పకుండా పీవీసీ పైపులో వేయించు. మనవైపు కోతుల సంగతి నీకు తెలియంది కాదు; డిష్ తీగనే ఉంచవు, కొత్త నల్లతీగను ఉంచుతాయా? కేబుల్ మొదటి మెష్ పెట్టె నుంచి బయలుదేరాలి, ఫైబర్ పెట్టె నుంచి కాదు. బిగించాక యాప్‌లో లింక్ వేగం చూడు. వెయ్యి ఎంబీపీఎస్‌కు బదులు వంద చూపిస్తే కేబుల్ లోపలి ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి కొన దగ్గర సరిగా బిగియలేదు, మనిషి వెళ్లిపోకముందే మళ్లీ చేయించు.

కరెంటు సంగతి కూడా చూడు. ఇన్వర్టర్ లైను ముందు భాగానికే ఉంది, మేడకు లేదు. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు ఒక క్షణం పోయి వస్తే చాలు, మేడ మీది పెట్టె ఆరి, మళ్లీ లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. దానికో చిన్న 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ పెట్టు, పెట్టె అడాప్టర్ మీద కూడా 12 వోల్టులే ఉందో లేదో చూసుకుని. కింద ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్, నార్మల్ అని మార్చే మీట ఉంటే యూపీఎస్ వైపుంచు, త్వరగా మారుతుంది.

ఒకవేళ ఎవరూ కదలకుండా కూర్చున్నప్పుడు అందరికీ ఒకేసారి తెగి, నిమిషానికి తిరిగొస్తుంటే ఛానెల్, అంటే 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టె వాడుతున్న దారి నంబరు, చూడు. 52 నుంచి 144 దాకా రాడార్లతో పంచుకునే ఛానెళ్లు. రాడార్ లాంటిది వినబడితే పెట్టె ఆ ఛానెల్ ఖాళీ చేయాలి. యాప్ ఒప్పుకుంటే 36 నుంచి 48 లోపు పెట్టు.

అన్నీ ఒకేరోజు మార్చకు, దేనివల్ల బాగైందో తెలియదు. ఫైబర్ పెట్టె వైఫై ఆపి ఒకరోజు చూడు, తర్వాత పెట్టెల జాగాలు మార్చు, ఆ తర్వాతే కేబుల్. ప్రతిసారీ వైఫై అనలైజర్ యాప్‌తో అదే దారిలో నడిచి, ప్రతి దర్వాజ దగ్గర అంకె రాసుకుని ఆ కాగితం ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు. కేబుల్ పడ్డాక కూడా మేడ మీద ఆఖరి అర్రలో 67 దాటుతుంటే అప్పుడు నాలుగో పెట్టె తెచ్చుకో, ఇప్పుడున్న కంపెనీదే, వీటితో కలుస్తుందని యాప్‌లో చూసుకున్నాకే.

మీ పెద్దబాపు