తనంతట తానే ఇల్లు ఊడ్చే రోబో వాక్యూమ్ మెట్ల మీంచి ఎందుకు పడిపోదు? నల్ల గ్రానైట్ దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

రెండింటికీ కారణం ఒకటే: దాని అడుగున, అంచుల దగ్గర ఉండే చిన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు. వీటిని క్లిఫ్ సెన్సార్లంటారు. ఒక్కోదాంట్లో కంటికి కనిపించని కాంతిని నేల మీదికి పంపే ఎల్‌ఈడీ, తిరిగొచ్చే కాంతిని పట్టుకునే రిసీవర్ ఉంటాయి. నేల దగ్గరగా ఉంటే కాంతి బలంగా తిరిగొస్తుంది. మెట్టు అంచు దాటగానే కింది నేల దూరమై, రిసీవర్‌కి దాదాపు ఏమీ అందదు. వెంటనే లోపలి ప్రాసెసర్ చక్రాల మోటార్లను ఆపి, వెనక్కి తిప్పుతుంది.

చిక్కేంటంటే, ముదురు నలుపు కూడా ఆ కాంతిని చాలావరకు పీల్చేసుకుంటుంది. ఉదాహరణకి విజయనగరంలో ఒక ఇంటి హాలంతా తెల్ల టైల్స్ వేసి, చుట్టూ నల్ల గ్రానైట్ బోర్డర్ పెట్టారనుకోండి. టైల్స్ మీద చక్కగా తిరిగే రోబో ఆ బోర్డర్ దగ్గరకొచ్చి వెనక్కి మళ్లిపోవచ్చు. దాని లెక్కలో అక్కడ నేల లేదు, గొయ్యి ఉంది. మెషీన్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు.

పైన గుండ్రంగా తిరిగే లైడార్ మెట్లను చూస్తుందని చాలామంది అనుకుంటారు. అది లేజర్‌ని అడ్డంగా పంపి గోడలు, సోఫాలు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి మ్యాప్ గీస్తుంది, అంతే. కిందికి చూడదు.

నల్ల నేల మీద కూడా తిరగాలని కొందరు అడుగు సెన్సార్లకి, కాంతిని తిప్పికొట్టే తెల్ల టేపు అంటిస్తారు. మేడ ఉన్న ఇంట్లో ఆ పని అస్సలు చేయకండి, నిజంగా మెట్లొచ్చినా అది ఆగదు. ముందు పొడి మెత్తటి గుడ్డతో వాటిని తుడిచి చూడండి. దుమ్ము పట్టినా ఇలాగే ఆగిపోతుంది.