స్టాంపు పేపరు మీద సంతకానికి ముందు వేయాల్సిన లెక్క

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా ఆయనకు 35 ఏళ్లు నిండాయి. సరిహద్దు అవతల, శ్రీకాకుళం జిల్లాలోని ఒక రైసు మిల్లులో మూడేళ్లుగా పని. మేస్త్రీ ద్వారా చేరారు. మిల్లులో మొత్తం ఎనిమిది మందే. బస్తాల కూలి కలుపుకుని నెలకు 14,000 వచ్చేది. 2025 ఆగస్టు 18న కుడిచెయ్యి బెల్టులో పడి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు మొదలుకంటా పోయాయి. చిటికెన వేలు ఉంది గానీ అస్సలు వంగడం లేదు. విశాఖలో ఆపరేషన్‌కు 70,000 అయితే షావుకారు 30,000 కట్టారు. మిగతా 40,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. ఇప్పుడు 60,000 ఇచ్చి వాచ్‌మన్ పనిలో పెట్టుకుంటానని, స్టాంపు పేపరు మీద సంతకం చెయ్యమని అంటున్నారు. "చూసుకోకుండా చెయ్యి పెట్టింది నువ్వు, పైగా మేస్త్రీ మనిషివి, ఒడిశా వాడివి, ఎక్కడికెళ్లినా ఏమీ రాదు" అన్నారట. మా మరిది ఆ డబ్బుతో ఆటో కొందామంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, మీ ఆయన చేత ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. షావుకారు ఇస్తానన్నదానికీ చట్టం ఇవ్వమన్నదానికీ మధ్య తేడా లక్షల్లో ఉంది. ఆ లెక్క మీ కళ్లముందు వేసి చూపిస్తాను.

మీకు వర్తించేది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది గానీ, మీ ఆయనకు ప్రమాదం అంతకు ముందే జరిగింది. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన ఒక అంకెతో హెచ్చవేస్తారు. 35 ఏళ్లకు ఆ అంకె 197.06. లెక్కలోకి తీసుకునే జీతానికి 15,000 పరిమితి ఉంది, మీది దానిలోపే. 14,000లో 60 శాతం 8,400. దాన్ని 197.06తో హెచ్చవేస్తే 16,55,304 రూపాయలు. ఇది పూర్తి వైకల్యానికి. వేళ్లు పోయినప్పుడు ఎంత శాతం ఇవ్వాలో చట్టం చివర షెడ్యూల్‌లో రాసి ఉంది. ఒకే చేతికి మూడు వేళ్లు పోతే 30 శాతం. అంటే 4,96,591 రూపాయలు. షావుకారు చెప్పిన 60,000 ఇందులో ఎనిమిదో వంతు కూడా కాదు.

ఇక ఆ వంగని చిటికెన వేలు సంగతి. అదే షెడ్యూల్ కింద ఒక చిన్న గమనిక ఉంది: అవయవం ఉన్నా దాని వాడకం పూర్తిగా, శాశ్వతంగా పోతే ఆ అవయవం పోయినట్టే లెక్క. నాలుగు వేళ్లు పోతే 50 శాతం. అంటే 8,27,652 రూపాయలు. ఒక్క వేలి గురించి డాక్టరు ఏం రాస్తారన్న దాని మీద మూడు లక్షల ముప్పై వేలు ఆధారపడి ఉన్నాయి. కాబట్టి ఎముకల డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఆ వేలు వంగుతుందా, బొటనవేలితో కలిసి పట్టు చిక్కుతుందా, బస్తా ఎత్తగలరా అన్నవి విడివిడిగా రాయించుకోండి. చాలామంది వికలాంగుల సర్టిఫికెట్ తెచ్చుకుని అందులోని శాతమే పరిహారానికీ సరిపోతుందనుకుంటారు. ఆ శాతం శరీరానికి జరిగిన నష్టానిది. ఇక్కడ కావాల్సింది సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నది.

ఈ తేడా తేలింది మీ ఒడిశాలోనే. కొరాపుట్ జిల్లా జయపురంలో 1968లో ఒక సినిమా హాలులో పనిచేస్తూ వడ్రంగి ఒకాయన పడిపోయారు. ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. షెడ్యూల్ ప్రకారం అది పాక్షిక వైకల్యమే కదా అని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేరు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని 1975 డిసెంబరులో కోర్టు తేల్చింది. పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజు నుంచే తప్ప అధికారి తీర్పు రాసిన రోజు నుంచి కాదని కూడా అప్పుడే చెప్పింది. మీ ఆయనకు పూర్తి వైకల్యం ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. కానీ కుడిచేతి వాటం మనిషి, బస్తాలు మోసి బతికిన మనిషి అన్న మాట దరఖాస్తులో ఉండి తీరాలి.

షావుకారు చెప్పిన అభ్యంతరాలు ఒక్కొక్కటీ చూద్దాం. చూసుకోకుండా చెయ్యి పెట్టాడు అన్నది ఈ చట్టం ముందు నిలవదు. తప్పెవరిదని ఇక్కడ అడగరు, పని చేస్తుండగా పని వల్ల దెబ్బ తగిలిందా అనే అడుగుతారు. తాగి ఉన్నా, తెలిసీ కావాలని రక్షణ కవచం తీసేసినా, చెప్పిన నియమాన్ని కావాలని ధిక్కరించినా మాత్రమే కథ వేరు. ఏమరపాటు అలాంటిది కాదు. మేస్త్రీ మనిషి అన్నదీ అంతే. మేస్త్రీ ద్వారా తెచ్చుకున్న మనిషికి దెబ్బ తగిలితే మిల్లు యజమానే చెల్లించాలి, ఆ తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవడం ఆయన పాట్లు. ఎనిమిది మందే ఉన్నారనీ భయపడకండి, కరెంటుతో నడిచే మిల్లుకు ఈ చట్టం వర్తించడానికి ఇంతమంది ఉండాలన్న లెక్క లేదు. పదిమంది గానీ అంతకు మించి గానీ ఉన్న చోట ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటుంది. అది ఉన్నవాళ్లు ఈ చట్టం కింద అడగడానికి వీల్లేదు, ఈఎస్ఐ నుంచే తీసుకోవాలి. మీది ఆ కోవలోకి రాదు.

ఒడిశా వాడివి అన్న మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఇది కేంద్ర చట్టం, సరిహద్దుకు ఇవతలా అవతలా ఒక్కటే. పైగా కేసు ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. కార్మికుడు మామూలుగా ఉండే చోట కూడా వేయొచ్చు. అంటే వాయిదాకోసారి కూలి మానుకుని బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లకుండా గజపతి జిల్లాలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడి అధికారి అవతలి ప్రాంతపు అధికారికి నోటీసు పంపుతారు. జిల్లా లేబర్ ఆఫీసుకు వెళ్లి, నష్టపరిహార కమిషనర్ అధికారాలు ఎవరికున్నాయో అడగండి. గడువు ప్రమాదం నాటి నుంచి రెండేళ్లు, అంటే 2027 ఆగస్టు 18 లోపు. అంతదాకా ఆగొద్దు, తోటి కలాసీలు ఊళ్లు మారిపోతే సాక్ష్యం చెప్పేవాళ్లు దొరకరు. వకీలు ఖర్చుకు వెనకాడకండి. కార్మికులకూ వికలాంగులకూ మహిళలకూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

రోజూ సైకిలు మీదో బండి మీదో సరిహద్దు దాటి పనికి వెళ్లే మిగతా పాఠకులకూ ఒక మాట. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ తెల్లవారుజామున మూడింటి డ్యూటీకి వెళ్తూ దారిలో ప్రమాదంలో చనిపోయారు. ఆ మరణానికి కూడా ఈ చట్టం కింద పరిహారం వస్తుందని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. డ్యూటీ వేళకూ ప్రమాదానికీ సంబంధం కనిపించాలి.

మళ్లీ మీ లెక్కకు వస్తాను. ఆపరేషన్ ఖర్చు పరిహారంలో భాగం కాదు, అది విడిగా యజమాని భరించాల్సిందే. కాబట్టి మీరు అప్పు తెచ్చిన 40,000 కూడా అడగండి, బిల్లులన్నీ దాచండి. ఆయన కట్టిన 30,000ను పరిహారంలో కోయడానికి వీల్లేదు. పరిహారం కింద ముందే ఏమైనా ఇచ్చి ఉంటే మాత్రం దాన్ని తగ్గిస్తారు. కాబట్టి ఏ డబ్బు తీసుకున్నా ఎందుకు తీసుకున్నారో రాసి రసీదు ఇవ్వండి. "ఇక ఏ బాకీ లేదు" అన్న ముక్క ఉన్న కాగితం మీద మాత్రం వేలిముద్ర కూడా వద్దు. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా అది చెల్లదని చట్టం చెబుతోంది, కానీ ఆ కాగితం ఉంటే కేసు ఏళ్లకేళ్లు సాగుతుంది. రాజీ పడాలనుకుంటే కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించే ఒప్పందమే చేసుకోండి. మొత్తం మరీ తక్కువగా ఉందనిపిస్తే ఆయన రిజిస్టర్ చేయరు.

బాకీ పడ్డ నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ కట్టాలి. 4,96,591 మీద అది నెలకు దాదాపు 4,966 రూపాయలు. సరైన కారణం లేకుండా ఆపితే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా. ఈ రెండు అంకెలూ షావుకారుకు మర్యాదగా చెప్పండి. ఆయనకు కార్మికుల బీమా పాలసీ ఉందేమో అడగండి. ఉంటే పరిహారం బీమా కంపెనీ కడుతుంది, జరిమానా మాత్రం ఆయన జేబులోంచే పోతుంది. ఇది తెలిశాక చాలామంది యజమానులు దారికొస్తారు.

జీతం 14,000 అని రుజువు చేయడమే మీకు కష్టమైన పని. ప్రమాదానికి ముందు పన్నెండు నెలల్లో అందిన మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేదే నెల జీతం. ఫోన్‌పేలో వచ్చిన డబ్బు, బ్యాంకు పాసుబుక్కు, మేస్త్రీ నోటుబుక్కు పేజీల ఫోటోలు ఇవాళే ఒకచోట చేర్చండి. వాచ్‌మన్ పని ఇస్తే చేరమనండి, కానీ అది పరిహారానికి బదులు కాదని నోటితో చెప్పి ఊరుకోకుండా రాసివ్వండి.

ఆటో సంగతి. కుడిచేతి పట్టు తేలేదాకా ఆ మాట పక్కన పెట్టండి. మరిది పేరున కొంటే మీ ఆయన వేళ్ల డబ్బు ఇంకొకరి ఆస్తి అవుతుంది. డబ్బు రాగానే మొదట మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చేయండి, ఏడాదికి 36 శాతం తినే అప్పు ఉండగా ఏ పొదుపూ నిలవదు. అయితే అప్పిచ్చినాయన పరిహారం నేరుగా తనకే రాసివ్వమంటే ఒప్పుకోవద్దు. ఈ సొమ్మును జప్తు చేయడానికీ, మరొకరికి రాసివ్వడానికీ చట్టం ఒప్పుకోదు. ఆ తర్వాత మూడు లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో మీ ఇద్దరి పేరున వేయండి. 2025లో ఉన్న 7.4 శాతం వడ్డీతో అది నెలకు 1,850 రూపాయలు ఇస్తుంది. మిగిలింది బ్యాంకులో ఏడాది డిపాజిట్‌గా ఉంచండి, చేతికి మళ్లీ వైద్యం అవసరమైతే ముందు కావాల్సింది అదే.