పురుగుమందు కేసు: పల్స్ 120 అని అట్రోపిన్ ఆపకండి

"పల్స్ 120 ఉందని అట్రోపిన్ ఆపాం, నోట్లో నురగ తగ్గట్లేదు, శాచురేషన్ 86" అన్నారు కదా. నోరు, ఊపిరితిత్తుల్లో ఊరే తడిని ఆర్పే విరుగుడు మందు అట్రోపిన్, దాని డోసు చాల్లేదు, అంతే. ఆర్గనోఫాస్ఫేట్ (ఈ రకం పురుగుమందు) విషంలో ఆక్సిజన్ తగ్గినా పల్స్ పరిగెడుతుంది. దాన్ని చూసి అట్రోపిన్ ఆపకూడదు.

1. ఆక్సిజన్, సక్షన్ ముందు. ఊపిరి అలసిపోతుంటే ట్యూబు వేయండి. ట్యూబు వేయడానికి కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ వద్దు, ఈ విషంలో దాని పక్షవాతం గంటల తరబడి వదలదు.

2. అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఆంపూల్స్ 3 ఐవీ. 5 నిమిషాలకు చూడండి, తడి తగ్గకపోతే ప్రతిసారీ రెట్టింపు: 6, 12, 24 ఆంపూల్స్. ట్రేలో ఖాళీ ఆంపూల్స్ గుట్ట చూసి సిస్టర్ కంగారు పడుతుంది, పడనివ్వండి.

3. అందరూ వదిలేసేది ఇదే: టార్చి పక్కన పెట్టి స్టెత్ తీయండి. కనుపాప ఆలస్యంగా మారుతుంది. రెండు ఊపిరితిత్తుల అడుగునా గురగుర పోవాలి, బీపీ 80 దాటాలి, చంకలో వేలు పెడితే పొడిగా తగలాలి. ఒక పక్కే గురగుర మిగిలితే అది ఆస్పిరేషన్ (కక్కింది ఊపిరితిత్తిలోకి పోవడం) కావచ్చు, దానికి అట్రోపిన్ పెంచొద్దు.

4. ఆరాక, మొత్తం పట్టిన డోసులో 10–20 శాతం గంటకు ఇన్‌ఫ్యూజన్ (డ్రిప్‌లో నెమ్మదిగా). జ్వరం, పిచ్చిమాటలు, పేగు చప్పుడు లేకపోవడం మూడూ కలిస్తే ఎక్కువైనట్టు. కాసేపు ఆపి తగ్గించి మొదలెట్టండి.

5. 4 రోజులదాకా పూటపూటా తల దిండు మీంచి ఎత్తమనండి. ఎత్తలేకపోతే ఊపిరి కండరాలూ బలహీనపడొచ్చు, వెంటిలేటర్ సిద్ధంగా ఉంచుకోండి.