బొమ్మ కన్నా ముందు కాగితం చూడు

చిరంజీవి అమ్మాయికి,

ప్రదర్శనలో బొమ్మల ముందు నిలబడితే ‘ఆకలి, అణచివేత’ తప్ప మరేమీ తోచడం లేదని రాశావు. ఆ రెండు మాటలూ గోడ మీది చీటీ చెప్పినవే, నీ కన్ను చెప్పినవి కావు. చీటీలో ముందు ఒక్క వరుసే చదువు: దేని మీద, దేనితో గీశారు? మిగతాది బొమ్మ చూశాక చదువుకోవచ్చు.

1943 బెంగాల్ కరువునే తీసుకో. కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పే జైనుల్ అబెదిన్ ఆకలిచావులను చవక పొట్లాల కాగితం మీద చైనా ఇంకుతో గీశాడు. ఆరిపోతున్న కుంచెను ఈడ్చినచోట గీత చీలి పక్కటెముకలా నిలుస్తుంది. ఖరీదైన కాగితం మీద తైలవర్ణాలు పూసి ఉంటే ఆ ఎముకలు మనకు ఇంత గుచ్చుకునేవి కావేమో. కాలిబాట మీద పడి ఉన్నవాళ్లు ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు. జపాను సేన వస్తుందన్న భయంతో బ్రిటిష్ సర్కారు అంతకు ముందే పల్లెల బతుకుకు ఆధారమైన పడవలను లాక్కుంది, పాడుచేసింది. బొమ్మలో పడవ కనిపించదు. కనిపించనిదాన్ని కూడా వెతకాలి.

గీశాక ఆ బొమ్మ ఏమైందో కూడా అడుగు. చిత్తప్రసాద్ అనే మరో బెంగాలీ చిత్రకారుడు ఆ ఏడాది నవంబరులో మిడ్నపూర్ జిల్లా తిరిగి, బొమ్మలూ రాతలూ కలిపి ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకం తెచ్చాడు. సర్కారు 5,000 ప్రతులు పట్టుకుని తగలబెట్టింది. అంత పలచని పుస్తకానికి అంత భయమా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బెంగాల్ శిల్పి, అచ్చుబొమ్మల కళాకారుడు సోమనాథ్ హోర్ ‘గాయాలు’ వరుస ఎదురైతే ఎదురుగా నిలబడకు, పక్కకు జరిగి ఏటవాలుగా చూడు. చాలావాటిలో తెల్లకాగితం మీద రంగే ఉండదు. మట్టి పలకనో మైనపు పలకనో కోసి, గీరి, దాని మీద సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు అదిమేవాడు. అక్కడ గాయం బొమ్మ కాదు, కాగితమే గాయపడింది. వెలుగు ఏటవాలుగా పడితేనే అది తెలుస్తుంది. ఫోనులో చూసి నిర్ణయించుకోవద్దు.

ఒక్క జాగ్రత్త. చవక కాగితం కనబడగానే పేదరికం అనేయకు. నేను డ్రాయింగు మాస్టారుగా ఉన్న రోజుల్లో ఒక కుర్రవాడు కిరాణా కొట్టు గోధుమరంగు కాగితం మీద బొగ్గుతో వాళ్ల నాన్నను గీసి తెచ్చాడు. జాలిపడి తెల్ల షీటు ఇవ్వబోయాను. ‘తెల్లదాని మీద మా నాన్న ఒంటిరంగు ఎక్కడి నుంచి వస్తుంది సార్?’ అన్నాడు. షీటు మళ్లీ బీరువాలో పెట్టేశాను.

వచ్చే ఉత్తరంలో ఒక్క బొమ్మ గురించే రాయి. నాలుగు పేజీలైనా చదువుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య