చర్చి సంగీతం రాసిన అమెరికన్ ప్రొఫెసర్లలో మొదట ఎవరిని వినాలి?

నన్నడిగితే నథానియల్ డెట్. ఇక్కడ ఒహాయోలో మా చర్చి కోయిర్‌లో టెనర్ పాడతాను. ఓ ఈస్టర్‌కి ఆయన 'లిసన్ టు ద లాంబ్స్' (1914) నేర్చుకున్నాం. ఎనిమిది గొంతుల కూర్పు, వాయిద్యాలు ఉండవు. గొర్రెపిల్లల ఏడుపు ఒక గొంతు నుంచి ఇంకో గొంతు అందుకుంటూ పోతుంటే, మధ్యలో సొప్రానో సోలో యెషయా 40వ అధ్యాయంలోని కాపరి మాటల్ని ఎత్తుకుంటుంది. పియానో లేదు కాబట్టి శ్రుతి జారితే పట్టుకోడానికి ఏమీ దొరకదు. ప్రాక్టీసులో పేజీ అయిపోగానే మా కండక్టర్ పిచ్ పైప్ (సరైన శ్రుతి వినిపించే చిన్న ఊదుడు వాయిద్యం) ఊదేది, ఎంత దిగిపోయామో అందరికీ తెలిసిపోయేది!

డెట్ 1882లో కెనడాలో, నయాగరా పక్కనున్న డ్రమండ్‌విల్‌లో పుట్టారు. బానిసత్వం తప్పించుకొచ్చిన నల్లజాతి కుటుంబాలు స్థిరపడ్డ ఊరది. చదువు, ఉద్యోగం చాలావరకు అమెరికాలోనే. అమ్మమ్మ పాడే స్పిరిచ్యువల్స్, అంటే బానిసత్వపు రోజుల్లో పుట్టిన నల్లజాతి భక్తిగీతాలు, చిన్నప్పుడు వింతగా తోచేవట. ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో చదివే రోజుల్లో ఓ క్వార్టెట్ (నలుగురి వాద్యబృందం) చెక్ స్వరకర్త ద్వోర్జాక్ రచన వాయిస్తుంటే చనిపోయిన అమ్మమ్మ గొంతు వినిపించినట్టయిందని ఆయనే రాసుకున్నారు. 1908లో అక్కడ పట్టా పుచ్చుకున్నారు.

1913 నుంచి వర్జీనియాలోని నల్లజాతి విద్యార్థుల కాలేజీ హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు, కోయిర్. ఆయన పట్టుదలంతా ఒక్కటే: ఈ స్పిరిచ్యువల్స్ ఆరాధన, తమాషా కోసం కాదు. 1927లో తెచ్చిన సంకలనంలో వాటిని చర్చి కీర్తనల పుస్తకంలాగే విషయాల వారీగా పేర్చారు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు మన రాగాల్లో పాడుతూ గుంటూరులో పెరిగినవాణ్ని కాబట్టి ఈ పట్టుదల నాకు వెంటనే అర్థమైంది. ఆ కోయిర్‌ని 1930లో యూరప్ కూడా తీసుకెళ్లారు. అంత చేశాక, కొద్దికాలానికే హాంప్టన్ వాళ్లు రాజీనామా చేయమన్నారు.

ఆయన రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత స్కూల్‌లో మాస్టర్స్ చేశారు, దాదాపు యాభై ఏళ్ల వయసులో! దానికి థీసిస్‌గా రాసిందే 'ది ఆర్డరింగ్ ఆఫ్ మోజెస్'. మోషే కథ, అందులో 'గో డౌన్, మోజెస్' అనే స్పిరిచ్యువల్ బాణీ మీద ఫ్యూగ్ (ఒకే బాణీని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటూ అల్లే కూర్పు). నా లెక్కలో ఆయన రచనల్లో ఇదే పెద్దది. 1937లో సిన్సినాటి మే ఫెస్టివల్‌లో తొలిసారి పాడినప్పుడు ఎన్‌బీసీ రేడియో ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఇంకా కొంత భాగం ఉండగానే, ముందే ఒప్పుకున్న కార్యక్రమాలున్నాయంటూ ఆపేశారు. నల్లజాతి స్వరకర్త రచన ఏమిటని శ్రోతలు ఫోన్లు చేసుంటారని చాలామంది అనుమానం. నాకూ ఆ 'ముందే ఒప్పుకున్న' మాట మీద నమ్మకం లేదు.

తర్వాత నార్త్ కరోలినాలోని బెన్నెట్ కాలేజీలో పనిచేశారు. 1943లో, యుద్ధకాలంలో, మహిళా సైనికుల కోరస్‌తో తిరుగుతూ మిషిగన్‌లోని బాటిల్ క్రీక్‌లో గుండెపోటుతో పోయారు.

పియానో ఇష్టమైతే 'ఇన్ ద బాటమ్స్'లోని 'జూబా'తో మొదలుపెట్టండి, హుషారుగా ఉంటుంది. కోరస్ కావాలంటే 2014లో జేమ్స్ కాన్లన్ ఆధ్వర్యంలో సిన్సినాటి బృందం కార్నెగీ హాల్‌లో పాడిన 'మోజెస్' రికార్డింగ్ దొరుకుతుంది. కాస్త ఓపిగ్గా, ఫ్యూగ్ వచ్చేదాకా వినండి.